బిళ్ళల బాబాయి

సర్టిఫికెట్టు అనే కాగితం కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నిజానికి మండకూడదు, నేను తింటున్న తిండి దాని పుణ్యమే. అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ని. ఐటీఐ పాసై ఫిట్టరు ఉద్యోగానికి వచ్చే కుర్రాళ్ళకు పని పరీక్ష పెట్టడం నా బాధ్యతల్లో ఒకటి. మొన్న సోమవారం పదకొండు మంది వచ్చారు. పదకొండు మంది దగ్గరా ఫస్టు క్లాసు సర్టిఫికెట్లే, ప్లాస్టిక్ తొడుగుల్లో మెరుస్తూ. ఇనపముక్కని వైస్‌లో బిగించి, దాన్ని అరగదీయడానికి ఆకురాయి చేతికిస్తే తొమ్మిది మంది అప్పడాల కర్ర పట్టుకున్నట్టు పట్టుకున్నారు. నాకు తిక్కరేగింది. ఎక్కడ చదివారు, ఎవడు నేర్పాడు, ఎవడు పాస్ చేశాడు మిమ్మల్ని అని షెడ్డు అదిరేలా కేకలేశాను.

ఆ కేకల మధ్యలోనే ఫోన్ మోగింది. నాతోపాటు ఐటీఐ చదివినవాడు, ఇప్పుడు గాజువాకలో వెల్డింగు షాపు నడుపుతున్నాడు.

"బావా, మన బిళ్ళల బాబాయి పోనాడు. నిన్న పొద్దున్న. నిద్దట్లోనే ఎళిపోనాడంట."

ఫోన్ జేబులో పెట్టుకుని ఆ తొమ్మిది మంది వైపు చూశాను. వాళ్ళు నా తిట్ల కోసం తలలొంచుకుని నిలబడే ఉన్నారు. టీ తాగి రమ్మని పంపేశాను.

చావు కబురు వింటే ఎవరికైనా ముందు దుఃఖం వస్తుంది. నాకు కోపం వచ్చింది. అందరి మీదా వచ్చింది. ఆ పెద్దమనిషి మీద కూడా వచ్చింది. అది ఇంకా తగ్గలేదు, తగ్గకముందే రాసేస్తున్నాను.

మా ఐటీఐ ప్రైవేటుది. ఊరి చివర రెండు రేకుల షెడ్లు, ముందు ఒక మేడ. తొంభైల మధ్యలో మాట. ఇంటర్ తప్పినవాళ్ళు, తప్పకపోయినా కాలేజీకి పంపే స్తోమతు లేనివాళ్ళు, ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్ల మెట్లెక్కి దిగి మా వల్ల కాదని తేల్చుకున్నవాళ్ళు అక్కడ చేరేవాళ్ళు. నేను మూడో రకం. మా నాన్న భీమవరం వైపు నుంచి వచ్చి పోర్టులో క్లర్కుగా స్థిరపడినవాడు. కొడుకు ఇంజనీరవుతాడని ఊరంతా చెప్పుకున్నాడు. నేను ఫిట్టర్‌లో చేరాక చుట్టాలడిగితే "ఏదో టెక్నికల్ చదువుతున్నాడండీ" అని మాట మార్చేసేవాడు.

ఫిట్టర్ ట్రేడులో మేం పదహారు మందిమి. మాకొక ఇన్‌స్ట్రక్టర్ ఉండేవాడు, డిప్లొమా హోల్డరు. పొద్దున్న హాజరు వేసుకుని, బోర్డు మీద ఒక బొమ్మ గీసి, ఇన్సూరెన్సు పాలసీలు కట్టించడానికి స్కూటరు మీద వెళ్ళిపోయేవాడు. రెండేళ్ళలో ఆయన చేతికి నల్ల మరక అంటుకోవడం నేను చూడలేదు. మాకు పని నేర్పింది స్టోరు కిటికీ వెనక కూర్చునే అటెండరు. ఆయనే బిళ్ళల బాబాయి.

ప్రతి విద్యార్థికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు ఐదు ఇచ్చేవారు. పనిముట్టు కావాలంటే కిటికీలో ఒక బిళ్ళ పెట్టాలి. బాబాయి పనిముట్టు ఇచ్చి, అది తగిలించి ఉన్న మేకుకి ఆ బిళ్ళ తగిలించేవాడు. స్టోరు గోడంతా మేకులే. ఏ పనిముట్టు ఎవరి దగ్గరుందో ఆ గోడ చూస్తే తెలిసిపోయేది. సాయంత్రం పనిముట్టు శుభ్రంగా తుడిచి తెస్తేనే బిళ్ళ వెనక్కి. తుడవకుండా తెస్తే కిటికీ రెక్క వేసేసేవాడు. ఎంత బతిమాలినా తీసేవాడు కాదు.

బక్కపలచటి మనిషి. ఖాకీ చొక్కా, మోచేతుల దగ్గర వేరే రంగు గుడ్డతో అతుకులు. విజయనగరం అవతల ఏదో పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చి, ఫిషింగ్ హార్బర్‌లో బోటింజన్లు బాగుచేసే షెడ్డులో పని నేర్చుకున్నాడు. మా వైపు వీపు పెట్టి పనిముట్లు సర్దుకుంటూనే చప్పుడు వినేవాడు. పదహారు వైస్‌ల మీద పదహారు ఆకురాళ్ళు ఆడుతుంటే అందులో ఏది దారి తప్పిందో ఆ చెవికి పట్టుబడిపోయేది.

"మూడో వైస్ మీద ఎవుడ్రా? ఇనుం రాకతన్నావా, కొబ్బరి కోరతన్నావా?" అని వెనక్కి తిరక్కుండానే అనేవాడు. మూడో వైస్ నాదే. తర్వాత బయటికొచ్చి, నా వెనక నిలబడి, రెండు చేతులతో నా నడుం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపేవాడు. తొయ్యాల్సింది భుజంతో కాదు, నడుంతో. ఆ ముక్క మా పుస్తకంలో ఎక్కడా లేదు.

ఇనుము మీద చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. అరగదీసిన ముఖం నున్నగా వచ్చిందో లేదో అని వేలితో రాసి చూస్తే ఎగిరిపడేవాడు. నీ చెమట దానికి పడదు, రేపటికి తుప్పు పడుతుంది, తుడిసీ, అనేవాడు. జేబులో ఎప్పుడూ ఒక నూనెగుడ్డ ఉండేది. మధ్యాహ్నం చోడి అంబలి తాగేముందు రంపపుపొట్టుతో చేతులు తోముకునేవాడు, సబ్బు ఆ తర్వాతే.

మా చదువుకి అసలు పరీక్ష ఒకటుంది. ఒక ముక్కలో చదరంగా గాడి తియ్యాలి. రెండో ముక్కకి ఆ గాడిలో దూరేలా చదరపు నాలుక తియ్యాలి. రెండూ కలిపితే వేలికి సందు తెలియకూడదు. బాబాయి ఆ జంటను కిటికీ వెలుగుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. సందులోంచి వెలుగు కనిపిస్తే "ఎలుతురొత్తంది" అని తిరిగిచ్చేసేవాడు. అదొక్కటే ఆయన మార్కు. బాగుంటే ఏమీ అనడు, బిళ్ళ చేతిలో పెట్టి ఊరుకుంటాడు. రెండో సంవత్సరం శీతాకాలంలో ఒకరోజు మాట లేకుండా నా బిళ్ళ నా చేతిలో పెట్టాడు. ఇంటికెళ్ళే సిటీ బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ కూడా నేను నవ్వుకుంటూనే ఉన్నాను. అంటే నాకు పని వచ్చు. ఈ సంగతి ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను చేసినదానికి చేతకానితనం సాకు కాదు.

ఇంత నేర్పినవాడు ఇన్‌స్ట్రక్టర్ ఎందుకు కాలేదు అని అడిగితే జవాబు ఒక్కటే. ఆయనకి సర్టిఫికెట్టు లేదు. తనిఖీకి పై అధికారులొచ్చిన రోజున బాబాయిని స్టోరులో పెట్టి బయట గొళ్ళెం వేసేవారు. అటెండరు పాఠం చెబుతుండగా ఎవరైనా చూస్తే సంస్థకి చెడ్డపేరు కదా.

మేం ఆఖరి పరీక్షకి వచ్చిన ఏడు, మరో షిఫ్టు పెడతామని, ఇంకో ఇన్‌స్ట్రక్టర్ కావాలని ప్రిన్సిపాల్ అన్నాడు. అనుభవమున్న పనివాళ్ళు ప్రైవేటుగా పరీక్ష రాసుకోవచ్చు, నువ్వూ రాయి, కాగితం తెచ్చుకుంటే ఆ కుర్చీ నీదే అని బాబాయికి చెప్పాడు. ఆయన ఎనిమిదో తరగతి చదివినవాడు. థియరీ పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. మూడు నెలలు మధ్యాహ్నం పూట షెడ్డు నీడలో నేను చదివితే ఆయన అంబలి తాగుతూ వినేవాడు. ఆకురాయి పళ్ళ మధ్య ఇనపపొడి ఇరుక్కోకుండా ఏం చేయాలని ప్రశ్న ఉంటే, పుస్తకంలో అరపేజీ జవాబు. ఆయన "సుద్దముక్క రాయాల" అనేసి అంబలి తాగేవాడు. దాన్ని అరపేజీ చేసి రాయడం నేను నేర్పాను. పెద్ద పెద్ద అక్షరాలతో, నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని రాసేవాడు. థియరీ గట్టెక్కేశాడు. ఇక మిగిలింది ప్రాక్టికల్. అది ఆయనకొక పరీక్షా అని మేమే నవ్వుకున్నాం.

ఇప్పుడు మా ఘనకార్యం చెప్పాలి. ప్రాక్టికల్‌లో ఏ ముక్క చేయాలో చూపించే బొమ్మలు మూడో నాలుగో. అవే ఏటా తిరిగి తిరిగి వస్తాయి. ముందురోజు సాయంత్రానికల్లా ఏ బొమ్మో ఆఫీసులోంచి బయటికి పొక్కుతుంది. ఊళ్ళో మిషను మీద ఇనుము చెక్కే లేతు షాపు ఒకటి ఉండేది. అక్కడ ఆ ముక్కలు ముందే చేసి, నూనె రాసి, పేపర్లో చుట్టి పెట్టేవారు. పిల్లలు వెళ్ళి కొనుక్కుని, మర్నాడు టిఫిన్ క్యారేజీలో పెట్టుకొచ్చి, దాని మీద తమ నంబరు కొట్టుకుని సాయంత్రం ఇచ్చేస్తారు. ఇది దొంగతనమని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. పరీక్ష ఫీజు కట్టినట్టు అదీ ఒక పద్ధతి. ఇన్‌స్ట్రక్టర్‌కి తెలుసు. ప్రిన్సిపాల్‌కి తెలుసు.

మా పదహారు మందిమీ బస్సెక్కి వెళ్ళాం. నేనూ వెళ్ళాను. నాకు పని వచ్చని ఇందాకే రాశాను. అయినా వెళ్ళాను. వీళ్ళందరివీ షాపు ముక్కలై నాదొక్కటే చేతి ముక్కైతే, మార్కులు తగ్గి స్టీల్ ప్లాంటులో అప్రెంటిస్ సీటు తప్పిపోతుందేమోనని భయం. షాపువాడు నా ముక్క చుట్టి ఇస్తూ ఒక మాట అన్నాడు.

"మరీ బాగా సేసీత్తే పట్టీసుకుంతారు బాబూ. కొంచెం ఎలుతురు వదిలీసినాను."

పరీక్షరోజు పొద్దున్న స్టోరులో ప్యూన్‌ని కూర్చోబెట్టారు. బాబాయి అతికిన ఖాకీ చొక్కా మానేసి తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. అన్నేళ్ళుగా లోపల కూర్చున్న కిటికీకి బయటి వైపు నిలబడి, తన నంబరు తనే కొట్టుకున్న ఐదు బిళ్ళలు పెట్టి, "ఇయాల నానూ పరీచ్చ గుంటడినే" అన్నాడు. కుర్రాడిలా నవ్వాడు కూడా. ఆకురాళ్ళు రెండు, రంపం, మూలమట్టం, కొలత పనిముట్టు తీసుకుని నాలుగో వైస్ దగ్గరికొచ్చాడు. నా పక్కదే.

పరీక్షాధికారి వేరే ఊరి నుంచి వచ్చాడు. అందరికీ ఇంకా అరగదీయని ఇనపముక్కలు పంచి, ప్రిన్సిపాల్ గదిలో ఫ్యాను కిందికి వెళ్ళిపోయాడు. మేం స్టోరు వైపు కూడా వెళ్ళలేదు, మాకు పనిముట్లతో పనేముంది? బెంచీ మీద పడి ఉన్న అరిగిపోయిన ఆకురాళ్ళతో చప్పుడు కోసం కాసేపు రాకాం. మధ్యాహ్నానికి అదీ మానేశాం. ఆ షెడ్డులో తొమ్మిది నుంచి ఐదింటిదాకా ఒక్క ఆకురాయే ఆడింది. దారి తప్పని ఆ చప్పుడు నా చెవి పక్కనే ఆడింది. ఆయన మా వైపు ఒక్కసారి చూశాడు, మా చేతులకు మరకల్లేవు. అన్నం కూడా తినకుండా పని చేసుకున్నాడు.

ఐదింటికి పరీక్షాధికారి స్టోరు కిటికీ ముందు బల్ల వేయించుకుని కూర్చున్నాడు. ఒక్కొక్క జంటనూ వెలుగుకెత్తి చూసి మార్కులు వేస్తున్నాడు. నాది చూశాడు, సన్నగా వెలుగు వచ్చింది, తలూపి మార్కు వేశాడు. బాబాయిది ఎత్తాడు. వెలుగు రాలేదు. తిప్పి పెట్టి మళ్ళీ ఎత్తాడు. అప్పుడూ రాలేదు. ఆయన ముఖంలో దొంగ దొరికాడన్న సంతోషం నేను చూశాను.

"ఎక్కడ చేయించావు ఇది?" అన్నాడు.

"నానే సేసినాను సార్. పొద్దున్నకాడ నుంచి ఇక్కడే నిలబడున్నాను."

"ఏళ్ళ తరబడి చూస్తున్నానయ్యా ఈ ముక్కలు. చేత్తో చేసినదాంట్లో ఎంతో కొంత వెలుతురు వస్తుంది. ఇది మిషను మీద చేసింది."

"మీ ఎదర ఇంకోటి సేత్తాను సార్. ఒక ముక్క ఇప్పించండి సాలు."

ఆయన వాచీ చూసుకున్నాడు. రైలుకి టైమవుతోందని ప్రిన్సిపాల్ గుర్తు చేశాడు. ఆ ప్రిన్సిపాల్‌కి బాబాయి చేతి పని తెలియదా? తెలుసు. నోరు విప్పలేదు. పరీక్షాధికారి మా వైపు తిరిగి, ఇతను చేస్తుండగా మీలో ఎవరైనా చూశారా అని అడిగాడు.

నేను చూశాను. ప్రతి తోపూ చూశాను. కానీ చూశానంటే తర్వాతి ప్రశ్న తెలిసిందే. మరి నీది ఎప్పుడు చేశావు? పదహారు మందిమీ నేల చూపులు చూశాం.

పరీక్షాధికారి వీపు వెనకే స్టోరు గోడ ఉంది. కిటికీలోంచి గోడంతా కనిపిస్తోంది. అన్ని మేకుల్లో ఐదింటికే బిళ్ళలు. ఐదింటి మీదా ఒకటే నంబరు. ఆ రోజు ఆ షెడ్డులో పనిముట్టు తీసుకున్నవాడు ఒక్కడే. బాబాయి వేలెత్తి ఆ గోడ చూపిస్తే చాలు, పరీక్షాధికారి తల తిప్పితే చాలు, ఆయన పాసయ్యేవాడు. మేం పదహారు మందీ ఫెయిలయ్యేవాళ్ళం. బాబాయి గోడ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

ఆయన స్టోరులోకి వెళ్ళాడు. పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి మేకులకు తగిలించి, తన బిళ్ళలు ఐదూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. బయటికొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. పరీక్షాధికారి ఆయన నంబరు పక్కన సున్న చుట్టి రైలుకి వెళ్ళిపోయాడు.

అక్కడే నాకు ఆయన మీద కోపం. ఎవడు చూపించమన్నాడు ఆ దయ? మేమేమైనా అడిగామా? ఆ రోజు మమ్మల్ని పట్టిచ్చి ఉంటే మళ్ళీ రాసుకునేవాళ్ళం, ఆర్నెల్లు పోయేవి, అంతే కదా. ఆయనకి జీవితమే పోయింది. మా బతుకులు నిలబెట్టానని ఆయన అనుకుని ఉండవచ్చు. ఆ వెధవ బతుకులు నిలబడ్డాయి కూడా.

వారం తర్వాత బిళ్ళలు అప్పజెప్పడానికి వెళ్ళాను. బిళ్ళలిస్తేనే సర్టిఫికెట్టు. ఆయన కిటికీ వెనక మామూలు చోటే ఉన్నాడు. ఐదూ తీసుకుని పుస్తకంలో టిక్కు పెట్టాడు. తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన తలెత్తకుండా అన్నాడు.

"నీ ముక్క సూసినాను. ఎలుతురొత్తంది."

అదే ఆఖరు. నాకు అప్రెంటిస్ సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. కొత్త షిఫ్టుకి ఇంకో డిప్లొమా హోల్డరొచ్చాడు. బాబాయి ఆయన క్లాసు పిల్లలకీ కిటికీ వెనక నుంచే నేర్పాడట, వైస్‌లు ఉన్నన్నాళ్ళూ. తర్వాత ఐటీఐకి గిరాకీ లేదని యాజమాన్యం వైస్‌లూ లేతులూ పాత ఇనుముకి తూకమేసి అమ్మేసి, ఆ షెడ్లలో ఎంసెట్ కోచింగ్ పెట్టింది. బాబాయిని వాచ్‌మన్‌గా ఉంచుకున్నారు. ఇవన్నీ నేను వెల్డింగు మిత్రుడి నోట విన్నాను. నేను మాత్రం ఆ వైపు వెళ్ళలేదు, బస్సు ఆ దారిన పోతుంటే అవతలి కిటికీలోంచి చూసేవాణ్ణి.

చావు కబురు వచ్చిన మూడోరోజు ఇద్దరం మల్కాపురంలో ఆయన ఇంటికి వెళ్ళాం. రెండు గదుల రేకులిల్లు. ఆయన భార్య గడప దగ్గర కూర్చుని ఉంది. ఐటీఐలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళమని మావాడు చెప్పాడు. ఆమె లేచి లోపలికి వెళ్ళి ఇనపముక్కల జంట తెచ్చింది. నేను గుర్తుపట్టాను. అంబలి కుండ మూత లేవకుండా అన్నేళ్ళూ దాన్నే బరువు పెట్టిందట. పడేద్దామంటే ఆయన పడేయనివ్వలేదట, ఆదివారం ఆదివారం తీసి నూనె రాసి మళ్ళీ కుండ మీద పెట్టేవాడట.

"ఇది బజార్లో కొనీసి దొరికిపోనాడంట గదా బాబూ. ఆ ఆఫీసోలు సెప్పినారు. ఇంట్లో ఏ గొడవొచ్చినా నాను దీన్నే ఎత్తీదాన్ని. దొంగపని కూడా సరిగ్గా సెయ్యలేనోడివని అనీదాన్ని. ఒక్కనాడూ కాదనలేదు."

ఇంట్లో కూడా చెప్పలేదు ఆ మనిషి. ముక్కలు చేతిలోకి తీసుకున్నాను. అలవాటుగా గడపలోంచి వచ్చే వెలుగుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూశాను. ఇన్నేళ్ళు కుండ మీద కూర్చున్నా ఎక్కడా వెలుగు రాలేదు.

"ఆయన కొనలేదమ్మా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పక్కనే నిలబడి చేశాడు, నేను చూశాను. కొన్నది నేను. మేమందరం కొన్నాం."

మావాడు నా చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఆ మాట ఆ మనిసున్నప్పుడు సెప్పలేకపోనావా బాబూ," అంది.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. నా చేతిలోంచి ముక్కలు తీసుకుంది. నా వేళ్ళు తగిలినచోట చీరకొంగుతో తుడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది.